మైకేల్ ఫారడే

సాయంకాలమున మీట నొక్కినంతనే మన యింట దీపము వెలుగును. ఆ విద్యుచ్ఛక్తి నాగార్జునసాగరము వంటి జలాశయము కడ నీటి వేగముచే తిరుగు యంత్రములలో పుట్టినను, బొగ్గును మండించి ఆవిరిచే త్రిప్పు యంత్రములలో పుట్టినను, దానికి మూలమైన సూత్ర మొక్కటియే. తీగచుట్టకును అయస్కాంతమునకును నడుమ కదలిక కలిగినప్పుడు తీగలో విద్యుత్ప్రవాహము పుట్టును. 1831వ సంవత్సరమున ఈ సత్యమును ప్రయోగము చేసి లోకమునకు చూపినవాడు మైకేల్ ఫారడే.

ఇది మీరు విజ్ఞానశాస్త్ర పాఠములలో చదువుకొను సంగతియే. కాని అతని జీవితమున వేరొక విశేషము కలదు. వారమున ఆరు దినములు ప్రయోగశాలలో, తన కన్నులతో చూచినగాని ఎవరి మాటను నమ్మని ఈ మనుష్యుడు, ఏడవ దినమున ఒక చిన్న ప్రార్థనామందిరములో కూర్చుండి బైబిలులోని ప్రతి మాటను శంకలేక నమ్మెడివాడు. ఈ రెండును ఒక్క హృదయములో ఎట్లు ఇమిడినవో తెలిసికొనవలెనన్న అతని బాల్యమునుండి ప్రారంభింపవలసి యున్నది.

ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను నగరమునకు దక్షిణమున నున్న న్యూయింగ్టన్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. అతడు తరచు జబ్బుపడి కొలిమి కడకు పోలేకుండెడివాడు. 1801లో ధాన్యము ధర మిక్కిలి పెరిగినప్పుడు ఆ బాలునికి వారమునకు ఒక్క రొట్టెను ఇచ్చి, దానితోనే ఏడు దినములు గడుపుకొమ్మని తల్లి చెప్పవలసి వచ్చెనట. ఆ కుటుంబమున తిండికి కొరత యుండెను గాని దైవభక్తికి కొరత లేకుండెను. వారు సాండిమేనియనులు అను ఒక చిన్న క్రైస్తవ శాఖకు చెందినవారు. స్కాట్లండు దేశమున పుట్టిన ఈ శాఖలో జీతము తీసికొను గురువులు లేరు. సభ్యులు తమలో కొందరిని పెద్దలుగ ఎన్నుకొందురు. ఆదివారమున ఉదయపు ప్రార్థనకును మధ్యాహ్నపు ప్రార్థనకును నడుమ ధనిక దరిద్ర భేదము లేక అందరును ఒక్కచోట భోజనము చేయుదురు. ధనమును కూడబెట్టుట తప్పని వారి మతము. ఇతరులను తమ శాఖలోనికి రమ్మని పిలుచుటయు వారికి అలవాటు కాదు.

మైకేల్ చదువు చదువను, వ్రాయను, కొంత లెక్క చేయను వచ్చుటతోనే ముగిసెను. పదుమూడవ యేట అతడు రీబో అను పుస్తకముల వర్తకుని కడ పనికి చేరెను. మొదట వార్తాపత్రికలను ఇంటింటికి ఇచ్చి, వారు చదివిన పిమ్మట మరల తెచ్చుట అతని పని. మరుసటి సంవత్సరమునుండి ఏడేండ్లు పుస్తకములకు అట్టలు కట్టు పని నేర్చుకొనెను. రీబో మంచివాడు. కట్టుటకు వచ్చిన పుస్తకములను కుఱ్ఱవాడు చదువుచున్నను మందలింపలేదు. విజ్ఞాన సర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసమును, జేన్ మార్సెట్ అను విదుషి రసాయనశాస్త్రమును గూర్చి సంభాషణరూపమున వ్రాసిన గ్రంథమును అతడు అట్లే చదివెను. ఇచట ఒక సంగతి గమనింపదగినది. ఆ గ్రంథములోని మాటలను అతడు ఊరక నమ్మి ఊరకుండలేదు. చేతనున్న కొద్ది కాసులతో సీసాలను, రసాయనములను కొని, అందు చెప్పిన ప్రయోగములలో తనకు వీలైనవి చేసి చూచెను. అవి నిజములని తేలిన పిమ్మటనే ఆ గ్రంథమును నమ్మెను. ముసలితనమునందును అతడు ఆ గ్రంథకర్త్రిని కృతజ్ఞతతో స్మరించుచుండెను.

1812లో దుకాణమునకు వచ్చు ఒక పెద్దమనుష్యుడు, రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను విజ్ఞాన సంస్థలో సర్ హంఫ్రీ డేవీ చేయు ఉపన్యాసములకు అతనికి ప్రవేశపత్రముల నిచ్చెను. డేవీ ఆనాటి రసాయన శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. ఫారడే నాలుగు ఉపన్యాసములు విని, వినినదంతయు చిత్రములతో సహా తిరిగి వ్రాసి, మున్నూరు పుటలకు మించిన ఆ ప్రతికి తానే అట్ట కట్టి, విజ్ఞానసేవలో ఎట్టి చిన్న పనియైనను ఇప్పింపుమని జాబు వ్రాసి డేవీకి పంపెను. తాను నేర్చిన వృత్తియే అతనికి సిఫారసు పత్రమైనది. 1813వ సంవత్సరము మార్చి 1వ తేదీన అతడు ప్రయోగశాలలో సహాయకుడుగ నియుక్తుడయ్యెను. వారమునకు ఇరువదియైదు షిల్లింగుల జీతము, మేడపైన రెండు గదులు, చలి కాచుకొనుటకు బొగ్గు, చదువుకొనుటకు క్రొవ్వొత్తులు. ఆ సంస్థలోనే అతడు తన జీవితమంతయు గడపెను.

అదే సంవత్సరమున డేవీ దంపతులతో కలిసి అతడు ఐరోపా యాత్రకు బయలుదేరెను. చివరి క్షణమున డేవీ సేవకుడు రానని చెప్పుటచే ఆ పనియు ఫారడే మీద పడెను. డేవీ భార్య అతనిని నౌకరుగనే చూచుచు, తమతో భోజనమునకు కూర్చుండనీయకుండెను. తిరిగి లండనుకు పోయి అట్టలు కట్టుకొని బ్రతుకుదునా యని అతడు పలుమారులు తలపోసెను. కాని ఫ్లారెన్సు నగరమున ఒక దినము అతడు చూచిన దృశ్యము అట్టి అవమానములను మరపింపజాలినది. పెద్ద భూతద్దముతో సూర్యకిరణములను ఒక వజ్రముపై ప్రసరింపజేసి డేవీ దానిని మండించెను. మండిన వజ్రమునుండి వచ్చినది బొగ్గు మండినప్పుడు వచ్చు వాయువే. రాణుల మెడలలో మెరయు రత్నమును కమ్మరి కొలిమిలోని బొగ్గును ఒకే పదార్థమని కమ్మరి కొడుకు కన్నులార చూచెను.

1821వ సంవత్సరము జూనులో ఫారడే తన శాఖకే చెందిన ఒక వెండిపనివాని కుమార్తె సారాను వివాహమాడెను. తరువాతి నెలలో అతడు ప్రార్థనామందిరమున పెద్దల యెదుట తన విశ్వాసమును ప్రకటించి పూర్తి సభ్యుడయ్యెను. ఈ సంగతిని ముందుగ భార్యకైనను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఆమె అడుగగా, అది తనకును దేవునికిని నడుమనున్న విషయమని మాత్రము చెప్పెను. సెప్టెంబరు మొదటి వారమున, పాదరసములో వ్రేలాడదీసిన తీగ అయస్కాంతము చుట్టును గిరగిర తిరుగునట్లు చేసెను. విద్యుత్తుచే యంత్రమును త్రిప్పవచ్చునని తొలుత చూపిన ప్రయోగమిదియే. దీనివలన అతనికి కీర్తితోపాటు నిందయు వచ్చెను. అన్యుల ఆలోచనను అపహరించెనని కొందరు అనిరి. 1824లో అతనిని రాయల్ సొసైటీ సభ్యునిగ ఎన్నుకొనునప్పుడు అధ్యక్షుడైన డేవీయే అడ్డుపడెను. శిష్యుని కీర్తి గురువునకు కంటకమైనది కాబోలు. ఫారడే ఎన్నిక జరిగెను. అతడు మాత్రము తన జీవితాంతమువరకు డేవీని గూర్చి గౌరవముతోనే మాటలాడెను.

విద్యుత్తువలన అయస్కాంతశక్తి పుట్టుచుండగా అయస్కాంతమువలన విద్యుత్తు ఏల పుట్టరాదు? ఈ ప్రశ్నను అతడు 1822లోనే తన పుస్తకమున వ్రాసికొని యుండెను. 1831వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఇనుప కడియమునకు రెండు ప్రక్కల రెండు తీగచుట్టలు చుట్టి, ఒకదానిలో విద్యుత్తును ప్రవహింపజేసెను. రెండవదానికి చేర్చిన సూచిక ఒక్కసారి కదలి మరల నిలిచెను. ప్రవాహమును ఆపినప్పుడు ఎదురుదిక్కునకు కదలెను. ప్రవాహము నిలుకడగ నున్నంతసేపు ఏమియు లేదు. మార్పు జరుగు క్షణముననే ఫలము కలదని అతడు గ్రహించెను. అక్టోబరులో అయస్కాంతమును తీగచుట్టలోనికి దూర్చియు వెలికి తీసియు ఆ సంగతిని స్థిరపరచెను. అమెరికా దేశమున జోసెఫ్ హెన్రీయు ఇంచుమించు అదే కాలమున ఈ విషయమును కనుగొనెను గాని, ముందుగ ప్రకటించినవాడు ఫారడే.

అప్పటికి అతనికి పారిశ్రామికులకు సలహాలనిచ్చుటచే సంవత్సరమునకు వేయి పౌనుల వరకు రాబడి యుండెను. కొలదికాలములోనే ఆ పనులలో అధికభాగము మానివేసెను. తన కాలమును పరిశోధనకే వినియోగింపదలచెను. ఇంటికి కావలసినది పోగా మిగిలిన ధనమును రోగులకును పేదలకును ఇచ్చివేయుట ఆ దంపతుల అలవాటు. వారికి సంతానము లేదు. ప్రయోగశాల పని ముగిసిన పిమ్మట, ప్రార్థనామందిరమునకు చెందిన ముసలివారిని, జబ్బుపడినవారిని చూచి పలుకరించుటకై లండను సందులలో నడచిపోవు ఫారడేను పరిశోధకుడని గుర్తించినవారు కొద్దిమంది. తరువాతి కాలమున రాయల్ సొసైటీ అధ్యక్షపదవి తన్ను వెదకుకొని వచ్చినను అతడు వలదనెను. విజ్ఞానము చెప్పుటచే అతడు ఇట్లుండెనా? కాదు. ధనమునందును పదవియందును ఆశ పెట్టుకొనవలదని అతనికి నేర్పినది అతని మందిరము.

ఆ మందిరమే అతనికి గొప్ప వేదనను కూడ కలిగించెను. 1840లో అతనిని పెద్దలలో ఒకనిగ ఎన్నుకొనిరి. శుక్రవారపు సభలలో లండను ప్రముఖులను మంత్రముగ్ధులను చేయు వక్త, ఆదివారమున బైబిలు వాక్యములను ఒకదాని వెంట ఒకటి చదువుటతోనే తృప్తి నొందెడివాడు. అతని ధర్మోపదేశము వినవచ్చిన బయటివారు నిరాశతో మరలిపోయెడివారు. 1844వ సంవత్సరము మార్చి చివర ఆ సంఘమున క్రమశిక్షణను గూర్చి యొక వివాదము పుట్టెను. సభ్యులందరును ఏకాభిప్రాయముతో నుండవలెనని వారి నియమము. పలువురిని సంఘమునుండి వెలివేసిరి. వారిలో ఫారడే యొకడు. ఒక ఆదివారమున రాణిగారి విందుకు పోవుటచే అతనిని వెలివేసిరని పూర్వము చెప్పుకొనెడివారు. దానికి ఆధారము కనబడలేదు. కొన్ని వారములకే అతనిని మరల చేర్చుకొనిరి గాని పెద్దరికము వెంటనే ఈయలేదు. అది తిరిగి లభించుటకు పదునారేండ్లు పట్టెను.

ప్రయోగశాలలో డేవీ అంతటివాని మాటనైనను పరీక్షింపక నమ్మని ఫారడే, ఈ చిన్న సంఘము తీర్పునకు ఒక్క మాటైనను ఎదురు చెప్పక తలవంచెను. అతనిని మెచ్చుకొను మనకు ఇది మ్రింగుడుపడని సంగతియే. అతడు మాత్రము ఆ సంఘమును విడువలేదు. అందులేని తన బ్రతుకును అతడు ఊహింపజాలకుండెనేమో.

ఆ సంవత్సరమే సెప్టెంబరు నెలలో హాస్వెల్ అను ఊరి బొగ్గుగనిలో ప్రేలుడు సంభవించి 95 మంది పురుషులు, బాలురు మరణించిరి. ప్రభుత్వము ఫారడేను, భూగర్భశాస్త్రజ్ఞుడైన చార్లెస్ లయెల్‌ను విచారణకై పంపెను. ఫారడే గనిలోనికి దిగి, క్రొవ్వొత్తుల వెలుగులో ఒక గోనెసంచిపై కూర్చుండి, తుపాకిమందును ఎచట దాచెదరని అడుగగా, తమరు కూర్చున్న సంచిలోనే యని గనివారు చెప్పిరట. గనిలోని వాయువే గాక బొగ్గుధూళియు అంటుకొని ప్రేలుడును వ్యాపింపజేయునని వారిరువురును నివేదిక వ్రాసిరి. ఆ మాటను చాలకాలము ఎవరును లెక్కచేయలేదు. చనిపోయినవారి కుటుంబముల సహాయమునకై ఫారడే తన ధనమును కొంత ఇచ్చి వచ్చెను.

ప్రకృతిలోని శక్తులన్నియు ఒకే మూలమునుండి పుట్టినవని ఫారడేకు చిరకాలముగ ఒక నమ్మకము. సృష్టికర్త యొక్కడేయని నమ్మినవానికి సృష్టిలోని శక్తులకును ఐక్యముండునని తోచుట సహజమే. 1845వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన ఆ నమ్మకము కొంత ఫలించెను. కాంతి ఒకే తలమున కంపించునట్లు చేసి, దానిని బరువైన గాజు దిమ్మెగుండ పంపుచు, ప్రక్కన బలమైన అయస్కాంతమును ఉంచెను. కాంతి కంపించు తలము కొద్దిగ తిరిగెను. కాంతికిని అయస్కాంతమునకును సంబంధమున్నదని లోకమునకు మొదటిసారి తెలిసెను. ఆ గాజును అతడే పదునైదేండ్ల క్రిందట దుర్భిణీల కొరకు తయారుచేసి, పనికిరాలేదని మూల పెట్టి యుండెను!

ఇక మిగిలినది గురుత్వాకర్షణ. భూమి రాతిని తన వైపునకు లాగు శక్తికిని విద్యుత్తుకును సంబంధముండి తీరవలెనని అతని మనసు చెప్పెను. 1849లో లోహపు దిమ్మెలను, తీగచుట్టలను ఎత్తునుండి క్రిందికి జారవిడిచి, వానిలో విద్యుత్తు పుట్టునేమోయని చూచెను. సూచిక కొన్నిమారులు కదలెను. మరొకడైన సంతోషముతో ఆ సంగతిని ప్రకటించి యుండును. ఫారడే ఆ కదలికకు కారణములను వెదకెను. తీగ ఊగుటవలనను చుట్టునున్న అయస్కాంతప్రభావమువలనను కలిగినదని తేల్చెను. ఆ కారణములను తొలగింపగా సూచిక కదలలేదు. ఫలము శూన్యమని వ్రాసి, ఐనను తన నమ్మకము చలింపలేదని కూడ దాని ప్రక్కనే వ్రాసెను. పదేండ్ల తరువాత, అరువదియెనిమిదవ యేట, లండనులో సీసపు గుండ్లు పోయు ఎత్తైన గోపురమునకు పోయి, పెద్ద సీసపు బరువులను పైకెత్తియు దించియు మరల పరీక్షించెను. మరల శూన్యమే. ఆ ప్రయోగములను గూర్చిన వ్యాసమును రాయల్ సొసైటీకి పంపగా, ప్రకటింపకుండుట మేలని ఒక శాస్త్రజ్ఞుడు సలహా నిచ్చెను. ఫారడే వ్యాసమును మరలించుకొనెను.

ఆ రెండు వాక్యములను ప్రక్కప్రక్కన వ్రాసిన పుటను నేను అతని గొప్ప ఆవిష్కారములకంటె తక్కువగ ఎంచను. ఏ ప్రశ్న అడుగవలెనో అతనికి విశ్వాసము చెప్పెను. జవాబును మాత్రము సూచికనే అడిగెను. అది లేదని చెప్పినప్పుడు తన విశ్వాసమునకు అనుకూలముగ దాని నోట అవునని పలికింపలేదు.

ఇందుకు పూర్తిగ భిన్నమైన నమ్మక మొకటి 1853లో ఇంగ్లండు దేశమంతట వ్యాపించెను. పదిమంది ఒక బల్ల చుట్టును కూర్చుండి, దానిపై చేతులుంచి కొంతసేపు నిశ్చలముగ నున్నచో, బల్ల తనంత తానే కదలి తిరుగునట. మృతుల ఆత్మలు త్రిప్పుచున్నవని కొందరు, దయ్యము పనియని కొందరు, విద్యుత్తు ప్రభావమని కొందరు చెప్పుకొనిరి. చదువుకొన్నవారును ఈ వేడుకలో పాల్గొనిరి. విద్యుత్తు మాట వచ్చినది గనుక అందరును ఫారడే అభిప్రాయమును అడుగసాగిరి.

అతడు నవ్వి త్రోసివేయలేదు. బల్లను త్రిప్పుటలో నేర్పరులై, మోసము చేయనివారని తనకు తెలిసినవారినే పిలిపించెను. పలుచని అట్టముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి, నడుమ మెత్తని జిగురు ఉండలనుంచి, ఆ దొంతరను బల్లపై పెట్టి, దానిమీద చేతులుంచుడని చెప్పెను. అట్టల అంచులపై గీత గీసి యుంచెను. బల్లయే ముందు కదలి చేతులను లాగుచున్నచో క్రింది అట్టలు ముందుకు జరుగవలెను. చేతులే త్రోయుచున్నచో పై అట్టలు జరుగవలెను. బల్ల తిరిగిన పిమ్మట చూడగా పై అట్టలే జరిగియుండెను! అనంతరము చేతులు ఏమాత్రము ప్రక్కకు త్రోసినను వెంటనే వంగి తెలుపు సూచికను అమర్చెను. సూచిక తమకు కనబడుచున్నంతసేపు ఎవరును బల్లను కదల్పలేకపోయిరి. దానిని మరుగుపరచిన వెంటనే బల్ల తిరుగసాగెను. ఆ మనుష్యులు అసత్యమాడలేదు. తామే త్రోయుచున్నామని వారికి నిజముగ తెలియదు. జరుగవలెనను కోరికయే వారి చేతులలోనికి దిగినది.

జూను, జూలై నెలలలో ఫారడే ఈ పరీక్షల వివరములను పత్రికలలో ప్రకటించెను. బల్లలు తిరుగుట మానినవా? మానలేదు. అతనిని దూషించుచు ఎన్నియో జాబులు వచ్చెను. ఇన్ని విద్యాలయములున్న దేశమున ఇంత తేలికగ మోసపోవువారు ఇందరుండుట అతనికి బల్లలకంటె పెద్ద ఆశ్చర్యమైనది. మరుసటి సంవత్సరము మే 6వ తేదీన, రాణి భర్తయగు ఆల్బర్టు రాకుమారుడు అధ్యక్షుడుగ నుండగా, బుద్ధికి నేర్పవలసిన విద్యను గూర్చి ఉపన్యసించెను. మనము కోరినది నిజమని నమ్ముటకు మన మనసు ఎల్లప్పుడును తొందరపడును. తెలియనిదానిని తెలియదని చెప్పి, తీర్పు చెప్పక ఆగి యుండుటయు నేర్వదగిన విద్యయే. తన తప్పును తానే వెదకుకొనుట కష్టమైనను లాభకరము. ఇవి ఆనాడతడు చెప్పిన విషయముల సారాంశము.

అయితే ఆ ఉపన్యాస ప్రారంభముననే అతడొక హద్దు గీసెను. తాను చెప్పబోవునది లౌకికజ్ఞానమును గూర్చి మాత్రమే ననియు, పరలోకమును గూర్చిన విశ్వాసము మనుష్యుని తర్కమునకు అందునది కాదనియు, అది దేవుడు తెలుపగా స్వీకరించుటయే గాని ప్రయోగములచే సాధించునది కాదనియు స్పష్టముగ చెప్పెను. బల్లకు పెట్టిన పరీక్షను తన మతమునకు ఏల పెట్టడని అడుగువారు అప్పుడును ఉండిరి, ఇప్పుడును కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఫారడే జవాబు అందరికిని తృప్తి కలిగింపదు. కాని ఒక భేదమును మరువరాదు. బల్ల తిరుగుట కన్నులకు కనబడు సంగతి. కనుక దానిని కొలువవచ్చునని అతడనెను. తన మతమును అతడు కన్నులకు కనబడు సంగతులపై అధికారిగ నిలుపలేదు. పరిశోధనా వ్యాసములలో బైబిలు వాక్యమును సాక్ష్యముగ చూపి వాదింపలేదు.

ఈ విషయమున అతనితో ఏకీభవింపనివాడొకడు అతని ప్రక్కనే యుండెను. 1853లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఆచార్యుడైన జాన్ టిండాల్‌కు మతవిశ్వాసము లేదు. ప్రకృతిని గూర్చిన ప్రశ్నలలో మతాచార్యులకు అధికారము లేదని 1874లో బెల్ఫాస్టు నగరమున బహిరంగముగ ప్రకటించి పెద్ద వివాదమును రేపినవాడతడు. అట్టి టిండాల్ ఫారడేను తండ్రివలె ప్రేమించెను. ఫారడే వారమంతయు చూపు బలమునకును శాంతమునకును ఆదివారపు ప్రార్థనయే ఊట కాబోలునని అతడు తన దినచర్యలో వ్రాసికొనెను. తాను ఆ ఊటనీరు త్రాగనివాడు. ఐనను దానివలన పచ్చబడిన చేనును కాదనలేకపోయెను. వారిరువురును ఒకే యింటికప్పు క్రింద అనేక సంవత్సరములు పనిచేసిరి. వారి స్నేహమునకు ఈ భేదము అడ్డుకాలేదు.

ఫారడే జ్ఞాపకశక్తి క్రమముగ క్షీణించెను. స్నేహితుల పేర్లను, తాను నిన్న చేసిన ప్రయోగములను కూడ మరచుచుండెను. ఇట్టి దుర్బలత అతనికి 1840 ప్రాంతముననే యొకసారి కలుగగా, విశ్రాంతికై స్విట్జర్లండు పోయి, అచట మేకులు కొట్టు కమ్మరిని చూచి తండ్రిని తలచుకొని నిలిచిపోయెను. ఇప్పుడు విశ్రాంతిచే తీరునది కాదు. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు కడ అతనికి నివసించుటకు ఇల్లు ఇచ్చెను. 1860 క్రిస్మసు సెలవులలో అతడు బాలబాలికలకు క్రొవ్వొత్తిని గూర్చి ఆరు ఉపన్యాసములు చేసెను. మండుచున్న క్రొవ్వొత్తిలో ఎంత ప్రపంచమున్నదో చూపిన ఆ ఉపన్యాసములు పుస్తకమై నేటికిని చదువబడుచున్నవి. ఆ సంవత్సరమే మరల పెద్దగ ఎన్నికైన ఫారడే, తన జ్ఞాపకశక్తిని తానే శంకించి, నాలుగేండ్లకు ఆ పదవిని విడిచెను.

అతడు 1832 నుండి తన ప్రయోగములకు వరుససంఖ్యలు వేయుచు వ్రాసికొనెడివాడు. ఆ సంఖ్య 16041 వద్ద ఆగినది. అది 1862వ సంవత్సరము మార్చి 12వ తేదీన చేసిన ప్రయోగము. మంటలోని సోడియము వెలుగును అయస్కాంతధ్రువముల నడుమ నుంచి, ఆ వెలుగులోని గీతలు మారునేమోయని అతడు చూచెను. ఏ మార్పును కానరాలేదు, కానరాలేదనియే వ్రాసెను. 1896లో హాలండు దేశీయుడు పీటర్ జీమన్, ఫారడే ఈ ప్రయత్నము చేసెనని చదివి, మేలైన పరికరములతో మరల చేయగా గీతలు మారుట కనబడెను. దానికై 1902లో జీమన్‌కు నోబెల్ బహుమానము లభించెను.

ఫారడే 1867వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన, తన గదిలో కుర్చీలో కూర్చుండియే కన్నుమూసెను. రాజలాంఛనములతో సమాధి చేయుట అతని శాఖ ఆచారము కాదు. లండనులోని హైగేటు శ్మశానవాటికలో, ఆ దేశపు అధికారమతమునకు చెందనివారికై ఏర్పరచిన భాగమున, కొద్దిమంది బంధువులును స్నేహితులును అతనిని భూమిలో ఉంచిరి. ఆ రాతిపై అతనిని గూర్చి అతని పేరును, పుట్టిన తేదీయు, మరణించిన తేదీయు మాత్రమే చెక్కబడి యున్నవి.